రూకకి భోజనం నుంచి అన్‌లిమిటెడ్ మీల్స్ దాకా

శనివారం మధ్యాహ్నం బెంగుళూరులో ఏ ఆంధ్రా హోటల్ దగ్గర చూసినా ఒకటే సీను. బయట ప్లాస్టిక్ కుర్చీలు, పేరు రాయించుకుని ఎదురుచూసే జనం, అందులో సగం మంది మన సాఫ్ట్‌వేర్ బ్యాచే. కొత్త హోటల్ పెట్టారంటే చాలు, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగులో దాని మీద రివ్యూలు వచ్చేస్తాయి. పప్పు బాగుంది, పొడి బాలేదు, నెయ్యి అడిగితేగానీ వెయ్యట్లేదు.. ఇట్లా.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు ఈ గోలంతా తాతకి చెప్తుంటే, మొత్తం విని ఒకే మాటన్నాడు. "ఏందబ్బయా, ఇంట్లో కూడు లేకనా ఈదెంబడి తినేది?"

మాది కలువాయి. నెల్లూరుకి పడమరగా, సోమశిల డ్యాముకి దగ్గర్లో ఉంటుంది. తాత మాట విన్నాక, డబ్బులిచ్చి బయట తినడం అనేది మనవాళ్ళలో ఎప్పుడు మొదలైందా అని నాకు పట్టుకుంది. మొదట నేనూ అందరిలాగే ఇదంతా ఉడిపి వాళ్ళతోనో, ఇరానీ హోటళ్ళతోనో వచ్చింది అనుకున్నా. కాదట.

క్రీడాభిరామం అని ఒక చిన్న పుస్తకం ఉంది. రాసింది వినుకొండ వల్లభరాయుడు, 15వ శతాబ్దం వాడు. కాదు, శ్రీనాథుడే రాసాడని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గట్టిగా వాదించారు. ఆ గొడవ పండితులకి వదిలేద్దాం. కథ మాత్రం మన వీకెండ్ లాంటిదే. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు ఫ్రెండ్సు ఓరుగల్లు అనే మహానగరంలో ఒక రోజంతా తిరుగుతారు. దారిలో లక్ష్మణవజ్ఝల వారి ఇంట్లో ఒక రూక ఇస్తే ఏమేం పెడతారో మెనూ మొత్తం చెప్తాడు కవి. కప్పురభోగి బియ్యంతో అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నంజుకోడానికి నాలుగైదు రకాలు, చివర్న గడ్డ పెరుగు. ధరతో సహా చెప్పాడు చూడండి, రివ్యూ అంటే అదీ :)

ఇలాంటి వాటినే పూటకూళ్ళ ఇళ్ళు అనేవాళ్ళు. ఊరు కాని ఊరు పోయినవాడికి పూటకింత అని తీసుకుని అన్నం పెట్టే ఇల్లు. తర్వాత కాలంలో ఎక్కువగా వీటిని నడిపింది భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీలు. చదువు లేదు, ఆస్తి లేదు, మళ్ళీ పెళ్ళి లేదు, మిగిలింది వంట ఒక్కటే. గురజాడ కన్యాశుల్కం (మొదటి ప్రదర్శన 1892, అచ్చు 1897) లో పూటకూళ్ళమ్మ గుర్తుందా? చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం వెతుక్కుంటూ వచ్చే ఆవిడ. స్కూల్లో ఆ సీనుకి తెగ నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే అందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాదు. పాపం ఆవిడ వ్యాపారం చేసుకుంటోంది, ఈయనగారు ఎగ్గొట్టాడు. అంతే కదా!

1899 లో మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకి రైలు కలిసింది. కోర్టు పనులకి, చదువులకి తిరిగే జనం పెరిగారు, పూటకూళ్ళ ఇళ్ళు పోయి హోటళ్ళొచ్చాయి. బెంగుళూరులో ఎమ్‌టీఆర్ 1924 లో మొదలైంది. మద్రాసులో ఉడిపి నుంచి వచ్చిన కృష్ణారావు గారు 1938 లో వుడ్‌లాండ్స్ పెట్టారు. మాంసం పెట్టే చోటుకి మిలిటరీ హోటల్ అని పేరు. కారం దట్టించిన ఆంధ్రా భోజనానికి బెంగుళూరు రెసిడెన్సీ రోడ్డులో 1984 లో నాగార్జున వచ్చింది. ఆ తర్వాతి వరస మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇక్కడిదాకా చదివితే చరిత్ర కమ్మగానే ఉంటుంది. కానీ ఈ హోటళ్ళలోకి ఎవర్ని రానిచ్చారు అని అడిగితే కథ వేరు. మద్రాసు రాజధానిలో చాలా హోటళ్ళలో బ్రాహ్మలకి వేరే గది ఉండేది. అదైనా మిగతా కులాలకి ఇంకో గది. దళితులకి గుమ్మం బయటే. మద్రాసు ప్రభుత్వం 1938 లోనే దీనికి వ్యతిరేకంగా చట్టం చేసింది. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళ పేరెత్తి మరీ రాసారు, కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని. ఆలోచించండి, ఒక దేశం తన రాజ్యాంగంలో హోటల్ గురించి రాసుకోవాల్సొచ్చిందంటే పరిస్థితి ఎట్లా ఉండుంటుందో! ఆ తర్వాత కూడా, 1957 లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద నుంచి 'బ్రాహ్మణ' అన్న మాట తీయించడానికి పెరియార్ మనుషులు నెలల తరబడి పికెటింగ్ చేసి అరెస్టు అవ్వాల్సొచ్చింది.

మన పల్లెల్లో అయితే బోర్డు కూడా అక్కర్లేదు. టీ కొట్లో రెండు రకాల గ్లాసులు చాలు. 2000 ల మొదట్లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊళ్ళు తిరిగి ఇంకా ఇది పోలేదని తేల్చింది.

ఇదంతా చదివాక తాతని ఫోన్లో మళ్ళీ కదిపా. నెల్లూరు పోతే ఎక్కడ తినేవాడివి అని. అరవైల్లో మాట, ఎరువుల కోసం పోయేవాళ్ళట. సద్దిమూట కట్టుకునే పోయేవాడట. ట్రంకు రోడ్డులో హోటళ్ళున్నా లోపలికి పోయింది తక్కువేనట. "బస్సు దిగినాక టీ మాత్రం తాగేవోళ్ళం. నేను బల్ల మీద కూర్చుంటే మన పాలేరు చూరులో దోపిన గ్లాసు తీసి కడుక్కోని తెచ్చుకునేవోడు. తాగి మళ్ళీ కడిగి పెట్టేవోడు" అన్నాడు. అదేదో వాన పడింది అన్నట్టు చెప్పాడు. నేనేం అనలేకపోయా. ఇన్నాళ్ళూ తాత బయట తినకపోవడం పొదుపనే అనుకున్నా.

ఇంకో విషయం. ఆ పాలేరు ఇంట్లోనూ, నిజం చెప్పాలంటే మా ఇంట్లోనూ రోజూ తినింది సంగటే. మాది మెట్ట ప్రాంతం. వరన్నం అంటే పండగ. 1983 లో రామారావు రెండు రూపాయలకి కిలో బియ్యం ఇచ్చేదాకా చాలా ఇళ్ళల్లో ఇంతే. ఇప్పుడదే రాగి సంగటి, నాటుకోడి పులుసు బెంగుళూరులో స్పెషల్ మెనూ! మట్టి ముంతలో పెట్టి మూడు నాలుగొందలు తీసుకుంటారు. నేనూ ఇచ్చా, అబద్ధమెందుకు.

ఫిబ్రవరిలో తాత కంటి ఆపరేషన్ కోసం ఇక్కడికొచ్చాడు. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ బలవంతంగా ఒక ఆంధ్రా హోటల్‌కి తీసుకెళ్ళా. రద్దీగా ఉంది, మా టేబుల్ దగ్గరే ఇంకో కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. ఆకులేసారు. తాత పప్పు కలుపుకుంటూ ఆ అబ్బాయిని అడిగాడు, "ఏవూరబ్బయా మీది?" ఒంగోలు పక్కన అన్నాడు. "ఇంటిపేరేందబ్బయా?"

మన వైపు ఈ రెండో ప్రశ్న ఎందుకడుగుతారో అందరికీ తెలుసు. ఆ అబ్బాయికీ తెలుసు. ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వి, "పచ్చడి వేసుకోండి తాతా, గోంగూర బాగుంది" అని గిన్నె ఇటు జరిపాడు.

తాత వేసుకున్నాడు.