బహుమాన జోస్యము – తెలుగు చిత్రములు

ఉగాదినాడు పంచాంగము చదువు సిద్ధాంతి ఆ యేటి వానలను, ధాన్యపు ధరలను, రాజపూజ్యావమానములను ముందుగా చెప్పును. చెప్పినది తప్పినను మరుసటి యేడు జనులు మరల వచ్చి ఆయన యెదుట కూర్చుందురు. చలనచిత్ర బహుమానములు ఎవరికి దక్కునో ముందుగా చెప్పు విద్యయు దాదాపు ఇట్టిదే. దీనికి మాత్రము నక్షత్రములతో పని లేదు. తీర్పరు లెవరు, వారెందరు, వారు ఒకచోట చేరి చర్చింతురా లేక ఎవరికి వారు ఓటు వేయుదురా, అంతకుముందు జరిగిన పోటీలలో ఎవరు గెలిచిరి అను ప్రశ్నలకు సమాధానము దొరికినచో సగము జోస్యము చెప్పినట్లే. తెలుగు చిత్రముల విషయమున ఈ జోస్యము ఎప్పుడు ఫలించెనో, ఎప్పుడు బొంకెనో పరిశీలించుట వ్యర్థప్రయాస కాదు. ఒక జాతి తనకు న్యాయముగా రావలసినదని దేనిని భావించెనో, వచ్చిన బహుమానము కంటె ఎదురుచూచిన బహుమానమే స్పష్టముగా తెలుపును.

ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. అచ్చటి చలనచిత్ర అకాడమీ తన తొలి బహుమానములను 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటలున పంచిపెట్టెను. విజేతల పేర్లు మూడు నెలలకు ముందే వెల్లడియై యుండుటచే ఆ రాత్రి జోస్యమునకు తావే లేకపోయెను. తరువాతి సంవత్సరములలో ఫలితములను పత్రికలకు ముందుగా పంపి, రాత్రి ప్రొద్దుపోయిన పిదప మాత్రమే ప్రచురింపవలెనని నియమము పెట్టిరి. 1940లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆ నియమమును మీరి సాయంకాలపు సంచికలోనే అచ్చువేసెను. సభకు వచ్చుచున్నవారు తమ గెలుపోటములను దారిలోనే చదువుకొనిరి. ఆ అనుభవముతో 1941 నుండి ముద్రవేసిన కవరు వచ్చెను. జోస్యమునకు ప్రాణము పోసినది ఆ కవరే యనవచ్చును. ఆ కవరును పూర్తిగా నమ్ముటకును వీలులేదు. 2017 ఫిబ్రవరి 26న ఒక కవరుకు బదులు మరియొకటి చేతికి వచ్చుటచే ‘లా లా లాండ్’ ఉత్తమచిత్రమని వేదికపై ప్రకటించి, కొన్ని నిమిషములకే ‘మూన్‌లైట్’ అని దిద్దుకొనవలసి వచ్చెను.

భారతదేశమున ఆ పద్ధతి వేరు. కేంద్రప్రభుత్వము 1954లో చలనచిత్ర బహుమానములను నెలకొల్పి, ఆ యేడు అక్టోబరు 10న మొదటిసారి ప్రదానము చేసెను. మరాఠీ చిత్రము ‘శ్యామ్‌చీ ఆయీ’ స్వర్ణపతకము పొందెను. ఇచ్చట ఐదుగురు పోటీదారుల పట్టిక ముందుగా వెలువడదు. కొద్దిమంది సభ్యుల సంఘము చిత్రములను చూచి, చర్చించి, నిర్ణయించును. ఆ నిర్ణయము ఉత్సవమునకు చాల దినములకు ముందే ప్రకటితమగును. వేలకొలది ఓటర్ల మొగ్గు నెంచుట సాధ్యమే గాని, గదిలో కూర్చున్న కొద్దిమంది మనస్సు నెంచుట కష్టము. మన దేశపు బహుమానముల విషయమున జోస్యము తరచు తలక్రిందులగుటకు ఇదియే హేతువు.

1954వ సంవత్సరపు చిత్రములనుండి ప్రాంతీయ భాషలకు వేరుగా బహుమానము లిచ్చుట ఆరంభమైనది. తెలుగున ఆ గౌరవము మొదట పొందినది కె. వి. రెడ్డి దర్శకత్వమున వాహినీవారు నిర్మించిన ‘పెద్దమనుషులు’. దానికి నార్వే నాటకకర్త ఇబ్సెన్ రచన ప్రేరణ. మరుసటి యేటి బహుమానము బి. ఎన్. రెడ్డి ‘బంగారుపాప’కు లభించెను. దాని కథకు ఆంగ్ల రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’ మూలము. ఈ రెండును మదరాసున తయారైనవి. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడినప్పుడు మదరాసు నగరము దానికి దక్కలేదు. రాజధాని కర్నూలుకు పోయెను. తెలుగు చిత్రము మాత్రము చాలకాలము మదరాసును విడువలేదు. కనుక తెలుగువారి తొలి జాతీయ బహుమానములు నేటి తమిళనాటి గడ్డపై పండిన పంటలు. తీర్పరులు అడిగినది చిత్రము ఏ భాషలో మాటలాడుచున్నదని కాని, అది ఏ రాష్ట్రమునకు చెందినదని కాదు. ధర్మపురి ప్రక్కనున్న సోగత్తూరు వంటి ఊళ్ళలో ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు కుటుంబములకు ఈ భేదము చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1964లో నెలకొల్పిన నందిబహుమానము ఒక రాష్ట్రపు బహుమానము. ఆ తొలి స్వర్ణనంది ‘డాక్టర్ చక్రవర్తి’కి వచ్చెను. కేంద్రమువారి తెలుగు బహుమానము భాషకు చెందినది. ఎల్లకు ఈవల నున్నవారు మొదటిదానిని చూచి సంతోషింపవచ్చును, రెండవదానిలో పాలు కోరవచ్చును.

నటుల విషయమున తెలుగువారి ఎదురుచూపు చాల దీర్ఘమైనది. ‘నర్తనశాల’లో కీచకుడైన ఎస్. వి. రంగారావు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవమున ఉత్తమనటుడుగా ఎన్నికయ్యెను. అప్పటికి మన దేశమున నటులకు జాతీయ బహుమానమే లేదు. 1967వ సంవత్సరపు చిత్రములనుండి అది ఆరంభమై, మొదట వంగదేశపు ఉత్తమ్‌కుమార్‌కు లభించెను. తెనాలిలో పుట్టిన శారద ఊర్వశి బిరుదమును రెండుమారులు మలయాళ చిత్రములకు పొంది, మూడవమారు ‘నిమజ్జనము’ అను తెలుగు చిత్రమునకు పొందెను. ఇంటివారికంటె ముందుగా పొరుగువారు గుర్తించిరనుట ఇచ్చట అతిశయోక్తి కాదు. పిమ్మట ‘దాసి’కి అర్చన, ‘కర్తవ్యము’నకు విజయశాంతి, ‘మహానటి’కి కీర్తి సురేశ్ ఆ గౌరవము నందిరి. పురుషులకు మాత్రము ఏబది సంవత్సరములకు పైగా అది అందని మ్రానిపండయ్యెను.

‘శంకరాభరణము’ ఇందుకు చక్కని నిదర్శనము. ఆ చిత్రమునకు నాలుగు జాతీయ బహుమానములు వచ్చినవి. జనరంజక చిత్రముగా ఒకటి, సంగీతమునకు కె. వి. మహదేవన్‌కు ఒకటి, గానమునకు ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యమునకును, వెల్లూరున పుట్టిన వాణీ జయరామ్‌కును చెరియొకటి. శంకరశాస్త్రిగా జీవించిన జె. వి. సోమయాజులుకు ఏమియు రాలేదు. ఆ యేటి నటబహుమానము ‘స్పర్శ్’ హిందీ చిత్రమునకు నసీరుద్దీన్ షాకు పోయెను. ‘సాగరసంగమము’నకు ఇళయరాజాయు బాలసుబ్రహ్మణ్యమును, ‘అన్నమయ్య’కు కీరవాణియు జాతీయ బహుమానముల నందిరి. వీనినన్నిటిని వరుసగా పేర్చి చూచినవారికి ఒక సూత్రము పొడగట్టును: తెలుగు చిత్రము ఢిల్లీకి పోయినప్పుడు పాట గెలిచి, నటుడు ఓడును. జోస్యము చెప్పువారు తారాబలము నెంచుట మాని ఈ లెక్కనే చూచియుండిన, పెక్కు యేండ్లు వారి మాట తప్పకపోయెడిది.

సముద్రముల కావల గెలిచినదియు పాటయే. దాని చరిత్ర కొంత వివరింపదగినది. భారతదేశము తన తరఫున అకాడమీకి పంపిన తెలుగు చిత్రము కె. విశ్వనాథ్ ‘స్వాతిముత్యము’ ఒక్కటే. అది 1986లో వెడలి, చివరి ఐదింట చేరలేక మరలివచ్చెను. 2022లో ‘ఆర్ ఆర్ ఆర్’ పోవునని చాలమంది తలచిరి. కాని ఎంపిక గుజరాతీ చిత్రము ‘ఛేల్లో షో’ను వరించెను. జోస్యము అచ్చట ఒకమారు తప్పెను. విదేశీచిత్రముల ద్వారము మూసికొనగా ‘ఆర్ ఆర్ ఆర్’ నిర్మాతలు సామాన్య విభాగముల ద్వారమున ప్రవేశించిరి. 2022 డిసెంబరు 21న వెలువడిన పదునైదు పాటల పట్టికలో ‘నాటు నాటు’ ఉండెను. 2023 జనవరి 10న అది గోల్డెన్ గ్లోబ్‌ను, ఆ నెల 15న విమర్శకుల బహుమానమును గెలిచెను. 24న అకాడమీ తుది ఐదింట చేరెను. రిహానా, లేడీ గాగా వంటి ప్రసిద్ధ గాయనుల పాటలు దానికి ప్రత్యర్థులు.

ఇంతటితో గెలుపు నిశ్చయమని చెప్పువారికి ఒక పాత పాఠమును గుర్తుచేయవలసి యుండెను. 2009 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట గోల్డెన్ గ్లోబ్‌ను గెలిచెను. అకాడమీ పోటీలో దానికి తుదిపట్టికలో చోటే దొరకలేదు. ఆ యేడు అచ్చట గెలిచినది ఎ. ఆర్. రహమాన్ ‘జయహో’. ఇందులకు కారణము అకాడమీ నియమములలోనే కలదు. తుదిపట్టికకు పాటల నెన్నువారు సంగీతశాఖ సభ్యులు మాత్రమే. అటుపిమ్మట విజేతకు ఓటు వేయువారు అన్ని శాఖలకు చెందిన వేలకొలది సభ్యులు. మొదటి గుమ్మము సంగీతజ్ఞులది, రెండవది సర్వజనులది. మొదటి గుమ్మము దాటిన పిదప ‘నాటు నాటు’కు దాని ఆటయే రక్ష. కీవ్ నగరపు మరియిన్‌స్కీ భవనము ముంగిట 2021లో చిత్రించిన ఆ నృత్యమును చూచినవారికి చంద్రబోస్ మాటలలోని పోట్లగిత్త, పోలేరమ్మ జాతర, కిర్రుచెప్పులు తెలియనక్కరలేకపోయెను. మాటలు తెలిసిన మనకు అది కొంత చింతగను ఉండును. తెలుగుపాట గెలిచినది, తెలుగుమాట గెలిచెనా అను సందేహము తీరదు.

మార్చి 12 రాత్రి అమెరికాలో, అనగా 13 ఉదయము మన దేశమున, ఆ పాట గెలిచెను. ఆ ఉదయమే తమిళనాటి ముదుమలై అడవిలో ఏనుగుపిల్లలను పెంచిన బొమ్మన్, బెళ్ళి దంపతుల కథను చూపిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ లఘుచిత్రమును గెలిచెను. అందులోని రఘు అను ఏనుగుపిల్ల హోసూరు ప్రాంతపు డెంకణీకోట అడవులనుండి వచ్చినదే. ఆ దినములలో బొమ్మన్ తల్లులను కోల్పోయిన ఏనుగుపిల్లల పనిమీద ధర్మపురి జిల్లాలో నుండెను. మారండహళ్ళి చెంత విద్యుత్తు తీగల వాతబడి మూడు ఏనుగులు చనిపోయి అప్పటికి వారమైనను నిండలేదు. మూడవదగు ‘ఆల్ దట్ బ్రీత్స్’ కూడ గెలుచునని ఆశించినవారికి మాత్రము నిరాశ కలిగెను. ధర్మపురి జిల్లా తెలుగువారికి ఆనాటి రెండు గెలుపులలో ఏది సొంతమని అడుగుట పిల్లవానిని తల్లి యిష్టమా తండ్రి యిష్టమా అని అడుగుట వంటిది.

ఆ యేడే ఆగస్టు 24న జాతీయ బహుమానములు ప్రకటితమయ్యెను. ‘ఆర్ ఆర్ ఆర్’కు ఆరు, ఉత్తమ తెలుగు చిత్రముగా ‘ఉప్పెన’కు ఒకటి వచ్చెను. ఉత్తమనటుడు ‘పుష్ప’ నటుడు అల్లు అర్జున్. తెలుగు చిత్రమునకు ఆ బహుమానము అదియే మొదటిది. ఏబది యేండ్ల సూత్రము ఆనాడు తెగెను. ఆ పాత్ర మాటలాడినది పాఠ్యపుస్తకపు తెలుగు కాదు, చిత్తూరు యాస. చిత్తూరు మండలము కృష్ణగిరి మండలమునకు ఎల్ల. ఆ యాసకు ధర్మపురి తెలుగువారి నోటిమాట దగ్గరి చుట్టము. అరవము కలిసినదని, మొరటుదని ఎన్నో తరములు చిన్నచూపు చూడబడిన పలుకుబడి అది.

అదే పట్టికను చూచి తమిళనాట వేరొక నిట్టూర్పు వినవచ్చెను. ‘జై భీమ్’కు బహుమానము తప్పదని తలచినవారు అనేకులు. దానికి ఒక్కటియు రాలేదు. ఉత్తమ తమిళ చిత్రముగా ‘కడైసి వివసాయి’ ఎన్నికయ్యెను. అందు ముసలి రైతుగా నటించిన నల్లాండి, చిత్రము విడుదల కాకమునుపే గతించిన పల్లెవాడు, ప్రత్యేక ప్రశంస పొందెను. ఆ పేరును ముందుగా ఊహించి చెప్పిన జోస్యుడు ఉన్నట్లు కానరాదు.