పికప్ వాహనాల చక్రాల అదురు

పికప్ వాహనాల చక్రాల అదురు అనగా చిన్న సరుకు రవాణా వాహనం ఒక నిర్దిష్ట వేగాన్ని అందుకున్నప్పుడు చక్రాలు, టైర్లు, లేదా వాటికి అనుసంధానమైన భాగాలలోని లోపం వలన స్టీరింగులోను, సీటులోను, నేలలోను పుట్టే కంపనం. వ్యవహారంలో దీనిని "స్టీరింగు ఆడుతోంది", "బండి కొట్టుకుంటోంది", "వాబ్లింగ్ వస్తోంది" అని చెబుతారు.

కుదుపు, అదురు ఒకటి కావు. కుదుపు రోడ్డులోని గతుకు వలన కలుగుతుంది, గతుకు దాటగానే పోతుంది. అదురు నున్నని రోడ్డు మీద కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే లయలో వస్తుంది. అందుచేత దాని మూలం వాహనంలోనే ఉంటుంది. చాలా సందర్భాలలో కారణం చిన్నదే. అయితే వదులైన నట్లు, పొరలు విడిపోతున్న టైరు కూడా మొదట అదురు రూపంలోనే బయటపడతాయి. కనుక దీనిని అలవాటుపడి భరించడం ప్రమాదకరం.

ఉత్తరాంధ్రలో నేపథ్యం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పలాస జీడిపప్పు, ఉద్దానపు కొబ్బరి, తీర గ్రామాల చేపలు, కూరగాయలు, ధాన్యం వంటి సరుకుల రవాణాలో చిన్న వాహనాలకు ముఖ్య పాత్ర ఉన్నది. 2005లో టాటా ఏస్, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ విపణిలోకి వచ్చాయి. మహీంద్రా బొలెరో పికప్ కూడా విరివిగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనే శ్రీసిటీలోని ఇసుజు కర్మాగారంలో 2016 నుండి డి-మాక్స్ పికప్‌ల తయారీ మొదలైంది.

ఈ వాహనాలు ఒకే రోజున మూడు రకాల దారులలో నడుస్తాయి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, భోగాపురం మీదుగా పోయే 16వ జాతీయ రహదారి (పూర్వపు 5వ నంబరు) వేగంగా నడపడానికి అనువైనది. పల్లెల్లోనివి మట్టిదారులు. విజయనగరం నుండి సాలూరు మీదుగా ఒడిషాలోని సుంకి, పొట్టంగి, కోరాపుట్ వైపు వెళ్ళే 26వ జాతీయ రహదారి (పూర్వపు 43వ నంబరు) ఘాట్ రోడ్డు. మట్టిదారిలో కలిగిన లోపం అక్కడి తక్కువ వేగంలో తెలియదు. రహదారి ఎక్కి వేగం పెంచినప్పుడే బయటపడుతుంది. లారీల రవాణాకు పేరుపొందిన సాలూరు పట్టణం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో విజయనగరం జిల్లా నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది.

శాస్త్రీయ వివరణ

చక్రంలో ఒకవైపు బరువు ఎక్కువైతే తిరిగేటప్పుడు ఆ బరువు బయటకు లాగుతుంది. దీనినే అపకేంద్ర బలం అంటారు. ఈ బలం వేగం యొక్క వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

ఉదాహరణకు 215/75 ఆర్ 15 కొలత గల టైరును తీసుకుందాం. రిమ్ము వ్యాసం 15 అంగుళాలు, అనగా 381 మి.మీ. టైరు పక్కగోడ ఎత్తు 215లో 75 శాతం, అనగా సుమారు 161 మి.మీ. రెండు వైపులా కలిపితే టైరు వ్యాసం సుమారు 703 మి.మీ., చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 72 కి.మీ. వేగమంటే సెకనుకు 20 మీటర్లు. కాబట్టి చక్రం సెకనుకు దాదాపు 9 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 50 గ్రాముల తేడా ఉన్నదనుకుంటే, ఆ వేగంలో అది సుమారు 30 న్యూటన్ల బలంతో, అనగా మూడు కిలోల బరువుతో సమానంగా లాగుతుంది. అదే తేడా 36 కి.మీ. వేగంలో కిలో కంటే తక్కువ బలాన్నే కలిగిస్తుంది.

ప్రతి వాహనంలోను చక్రాలు, ఇరుసు, స్ప్రింగుల కూర్పుకు ఒక సహజమైన ఊగే లయ ఉంటుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఎక్కువ ఊగినట్లే, చక్రం తిరిగే లయ ఈ సహజ లయకు దగ్గరైనప్పుడు అదురు పెద్దదవుతుంది. దీనిని అనునాదం అంటారు. కొన్ని బండ్లలో 70 నుండి 90 కి.మీ. మధ్య అదురు ఎక్కువై, ఆ తరువాత తగ్గినట్లు అనిపించడానికి కారణం ఇదే. తగ్గినట్లు తోచినా లోపం పోలేదని గ్రహించాలి.

లక్షణాలు, కారణాలు

అదురు ఎక్కడ, ఎప్పుడు తెలుస్తున్నదనే దానిని బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు.

* స్టీరింగు కుడిఎడమలకు ఆడడం: సాధారణంగా ముందు చక్రాలలో బరువు తేడా లేదా రిమ్ము వంకర. టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు అరిగితే ఇది మరింత పెద్దదవుతుంది.
* సీటు, నేల అదరడం: ఎక్కువగా వెనుక చక్రాల లోపం.
* తక్కువ వేగంలోనే బండి ఎగిరెగిరి పడినట్లుండడం: టైరు ఉబ్బు, గుండ్రతనం చెడడం, లేదా బరువుతో చాలా రోజులు నిలిపి ఉంచినందున టైరు ఒకచోట చదునుకావడం. ఈ చివరిది కొంతదూరం నడిచి టైరు వేడెక్కిన తరువాత తగ్గవచ్చు.
* బ్రేకు వేసినప్పుడు మాత్రమే వచ్చే అదురు: బ్రేకు డిస్కు మందంలో తేడా లేదా డ్రమ్ము గుండ్రతనం చెడడం.
* బరువుతో బయలుదేరేటప్పుడు, లేదా వేగంతోపాటు సన్నని జుమ్మనే శబ్దంతో వచ్చే అదురు: ప్రొపెల్లర్ షాఫ్టు, దాని క్రాసులు, సెంటర్ బేరింగు. వెనుక ఇరుసు నిష్పత్తి సుమారు 4 అయితే చక్రం 9 సార్లు తిరిగేలోగా షాఫ్టు 36 సార్లు తిరుగుతుంది. అందువలన ఈ కంపనం చక్రాల అదురు కంటే చాలా సన్నగా ఉంటుంది.
* నిలిచిన బండిలో ఇంజను వేగం పెంచినా వచ్చే అదురు: చక్రాలకు సంబంధించినది కాదు. ఇంజను మౌంటింగులను చూడాలి.

పరీక్షించే క్రమం

ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి ఒక్కొక్క కారణాన్ని తొలగించుకుంటూ పోవడం మంచి పద్ధతి. ఈ క్రమం పాటించకపోతే అవసరం లేని భాగాలను మార్చి, అదురు మాత్రం అలాగే మిగిలే అవకాశం ఉన్నది.

1. రిమ్ముల లోపలి వైపు చూడాలి. వర్షాకాలంలో పొలాల దారిన తిరిగిన బండ్లలో బురద లోపల ఎండి గడ్డకడుతుంది. ఇది వందల గ్రాముల తేడాను కలిగించగలదు. కడిగితేనే అదురు పోయిన బండ్లు ఎన్నో ఉంటాయి.
2. నట్లు బిగువుగా ఉన్నవో లేవో చూడాలి. ఒక నట్టు చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే అది కదులుతున్నట్లు అనుమానించాలి.
3. టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. నాలుగు టైర్లనూ రెండు వైపులా చేతితోను, కంటితోను పరిశీలించి ఉబ్బు, పగులు, మెట్లుమెట్లుగా అరుగుదల ఉన్నవేమో చూడాలి.
4. అదురు మొదలయ్యే వేగాన్ని, తగ్గే వేగాన్ని రాసుకోవాలి.
5. ముందు చక్రాలను వెనుకకు, వెనుక చక్రాలను ముందుకు మార్చి నడపాలి. రెండింటి కొలత, రకం ఒకటైనప్పుడే ఇలా మార్చవచ్చు. అదురు స్టీరింగు నుండి సీటుకు మారితే లోపం చక్రంలో ఉన్నట్లు. మారకపోతే ఇరుసు, స్టీరింగు భాగాలలో వెదకాలి.
6. చదునైన నేలపై చక్రాన్ని జాకీతో ఎత్తాలి. టైరుకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండా నిలిపి చక్రాన్ని చేతితో తిప్పాలి. పుల్లకు, టైరుకు మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే వంకర ఉన్నది. పుల్లను రిమ్ము అంచు దగ్గర ఉంచి మరల చూస్తే వంకర రిమ్ములోనిదా, టైరులోనిదా అన్నది తెలుస్తుంది.
7. ఎత్తిన ముందు చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపాలి. ఆట ఉంటే బేరింగు లేదా బాల్ జాయింటు అరిగినట్లు. కుడిఎడమల పట్టుకొని ఊపినప్పుడే ఆట తెలిస్తే టై రాడ్ ఎండ్లను చూడాలి.

చాలా పికప్‌లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకే ఉంటుంది. కాబట్టి వెనుక భాగాన్ని ఎత్తేటప్పుడు ముందు చక్రాలకు తప్పనిసరిగా రాళ్ళు లేదా చెక్కదిమ్మలు అడ్డుపెట్టాలి. కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందికి దూరరాదు.

బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాధారణమైన పొరపాటు. బ్యాలెన్సింగు అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేటట్లు రిమ్ముకు చిన్న తూకపు ముక్కలను తగిలించడం. తేడా చక్రం చుట్టుకొలతలో ఒకచోట ఉంటే చక్రం పైకీ కిందికీ ఎగురుతుంది. లోపలి అంచుకు, బయటి అంచుకు మధ్య తేడా ఉంటే కుడిఎడమలకు ఊగుతుంది. రెండవ రకం లోపాన్ని చక్రాన్ని తిప్పి చూసే యంత్రంపైనే కనుగొనగలరు.

అలైన్‌మెంటు అంటే చక్రాలు నిలిచే కోణాలను సరిచేయడం. ఇది చెడితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అలైన్‌మెంటు లోపం సాధారణంగా నేరుగా అదురును పుట్టించదు. దానివలన కలిగిన అసమాన అరుగుదల కొంతకాలానికి అదురును తెస్తుంది. అప్పటికి కోణాలు సరిచేసినా అరిగిన టైరు మళ్ళీ గుండ్రం కాదు. అలాగే వంకరపోయిన రిమ్ముకు తూకాలు తగిలించడం పూర్తి పరిష్కారం కాదు.

వెంటనే బండి ఆపవలసిన సందర్భాలు

నిన్న లేని అదురు నేడు హఠాత్తుగా మొదలై క్షణక్షణానికి పెరుగుతూ ఉంటే గమ్యం చేరేవరకు ఆగరాదు. నట్లు వదులై చక్రం ఊడిపోవడానికి, లేదా టైరు లోపలి పొరలు విడిపోయి పగలడానికి అది ముందు సూచన కావచ్చు. వేసవి ఎండలో, తక్కువ గాలితో, అధిక బరువుతో నడిచే టైరు ఎక్కువగా వేడెక్కి త్వరగా దెబ్బతింటుంది. ఉబ్బు కనిపించిన టైరును మరమ్మత్తు చేయించరాదు, తీసివేయాలి.

ముందు టైరు పగిలినప్పుడు గట్టిగా బ్రేకు వేయకుండా, స్టీరింగును రెండు చేతులతో తిన్నగా పట్టుకొని, వేగం దానంతట తగ్గనిచ్చి పక్కకు చేర్చాలి. వెనుక బాడీలో కూలీలను ఎక్కించుకొని వెళ్ళే వాహనాలలో ఈ ప్రమాదం ఒక్క డ్రైవరుతో ముగియదు. సరుకు వాహనంలో మనుషులను తీసుకువెళ్ళడం నిబంధనలకు విరుద్ధం కూడాను.

నివారణ

* నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. కోసు వైపు రిమ్ములోకి ఉండాలి. చక్రం మార్చిన తరువాత 50 నుండి 100 కి.మీ. నడిచాక మరల బిగువు చూడాలి.
* చక్రం తీసినప్పుడు హబ్బు, రిమ్ము తాకే చోట తుప్పును గీకివేయాలి. ఉప్పుగాలి తగిలే తీర గ్రామాల బండ్లకు ఇది మరీ అవసరం. తుప్పు పెచ్చు మధ్యలో ఉంటే చక్రం తిన్నగా కూర్చోదు.
* టైరు పక్కగోడపై ఉండే తయారీ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు లోతుగా ఉన్నా పాతబడిన టైరు రబ్బరు గట్టిపడి ఉంటుంది.
* ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో నడపాలి. ఎడతెగక బ్రేకు తొక్కితే డిస్కులు, డ్రమ్ములు అతిగా వేడెక్కుతాయి.
* పంక్చరు వేయించిన ప్రతిసారీ టైరును రిమ్ముపై పూర్వస్థానంలోనే ఎక్కించడానికి ముందుగా సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

ఇవి కూడా చూడండి

* టైరు
* అపకేంద్ర బలం
* అనునాదం
* సాలూరు
* 16వ జాతీయ రహదారి