లష్కరు ఇండ్లలో జలోద్యానము

సికందర్ జాహ్ పేరిట 1806లో వెలసి, నేటికిని జనుల నోట లష్కరుగా చెల్లుచున్న సికింద్రాబాదునందు, నిలువ నీటిని ఇంటిలో అలంకారముగా ఉంచుకొను ఆచారమును గూర్చి వ్రాయబూనినవారు, ఆ నీటిని దోషిగా నిలిపిన ఘట్టమును ముందుగా స్మరింపవలసియున్నది. 1897 ఆగస్టులో బేగంపేట సైనిక వైద్యశాలయందు రొనాల్డ్ రాస్, సీసా నీటిలోని పిల్లపురుగులనుండి పొదిగించిన మచ్చరెక్కల దోమలచే, దోమకొక అణా చొప్పున సొమ్మిచ్చి, హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని కుట్టించి, ఆ నెల 20వ తేదీన వాటిలో నొకదాని జఠరమున మలేరియా క్రిమిని దర్శించెను. చెడుగాలియే చలిజ్వరమునకు మూలమను చిరకాల విశ్వాసము దానితో సడలెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను.

అయితే జీవసామరస్యమున్నచో నిలువ నీరు విషము కానేరదని అంతకు అర్ధశతాబ్దము మునుపే లండనులో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త నిరూపించియుండెను. రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఒక పాత్రలో నుంచి, కుళ్లిన ఆకులచే నీరు చెడుట గమనించి, నత్తలను చేర్చి, మొక్క విడుచు ప్రాణవాయువు చేపకును, చేప విసర్జించునది మొక్కకును ఉపకరించు తీరును 1850లో ఆయన వెల్లడించెను. ఈ పరస్పరోపకారమును మించిన రహస్యము గృహజలాశయ విద్యలో లేదని నా దృఢవిశ్వాసము.

వాలిస్నేరియాకు ఇసుక కావలెను, వేరూనుటకు వ్యవధి కావలెను. ఆగ్నేయాసియానుండి వచ్చిన జావా మాస్ అను నాచుకు ఆ రెండును అక్కరలేదు. చిరకాలము వేరొక జాతిగా భ్రమింపబడిన ఈ నాచును శాస్త్రజ్ఞులు నేడు టాక్సిఫిల్లమ్ బార్బియేరీ యందురు. నిజమైన వేళ్లు లేనందున ఇది ఆకులతోనే నీటినుండి ఆహారము గ్రహించును. నూలు దారముతో రాతికో కొయ్యకో చుట్టినచో, కొన్ని వారములలో తన నూగుతో తానే పట్టుకొనును. మందమైన వెలుతురు దీనికి చాలును. ఎండ సోకినచో దీనిపై పాచి కమ్మును. మన వేసవిలో నీటి వేడిమి 30 డిగ్రీలు మించినచో నీరసించును గనుక, తొట్టిని పడమటి కిటికీకి దూరముగా ఉంచుట మేలు. కత్తిరించిన తునకలు సైతము మరల చిగిర్చును.

కాని చేపలేని నాచు తొట్టి దోమలకు పుట్టినిల్లు కాగలదు; పిల్లపురుగులను భక్షించు గప్పీలను నాలుగైదింటిని అందు విడువవలెను. మరియొక విన్నపము: 1950ల తొలినాళ్లలో తొట్టి మొక్కగా సింహళమునుండి ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా అచ్చటి జలమార్గములను మూసివేసినది. కావున తొట్టి శుభ్రపరచునప్పుడు మిగిలిన నాచును, చేపలను హుసేన్‌సాగరమునగాని, మరి యే చెరువునగాని విడువవలదు.