వేషం బాగుందన్నారు

తమిళనాడు, నామక్కల్ దగ్గర ఒక పల్లెటూరు. మారియమ్మన్ జాతర. అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళు తలా ఒక వేషం కట్టి ఊరి ముందుకొస్తారు. ఆ ఏడు లారీలున్న ఒక ఇంటి కడగొట్టు కొడుకు, బడికెళ్ళే దొరైస్వామి, కురత్తి వేషం కడతానన్నాడు. చేతిలో కర్ర పట్టుకుని సోది చెప్పే మన ఎరుకలసాని లాంటి వేషమే అది. మొక్కు వేషానికి కాదనేదెవరు?

పావడా, రవిక, మెడనిండా పూసలు, తలకు సవరం. డప్పు మోగింది. నడుమూ చెయ్యీ కలిపి నాలుగడుగులు వేసేసరికి జనం ముక్కున వేలేసుకున్నారు. అచ్చం ఆడపిల్లేనన్నారు. ఈ పిల్ల ఎవరింటిదని ఆరా తీశారు. ఒక నటుడికి అంతకు మించిన మెప్పు ఏముంటుంది?

ఇక్కడో చిక్కుంది. ఆ బిడ్డ నటించలేదు. ఆ రాత్రి పూసలు తీసి, పావడా విప్పి, మళ్ళీ మగపిల్లాడి బట్టలు తొడుక్కుంటున్నప్పుడు మనసులో ఏం జరిగిందో చాలా ఏళ్ళ తర్వాత ఆమే రాసుకున్నారు. ఊరంతా వేషమనుకున్నదే తన అసలు రూపమని, ఆ బట్టలతో పాటు తనను తానే తీసి పక్కన పెట్టేసినట్టయిందని ఆ రాతల సారం. ఆమె పేరు ఎ. రేవతి. ఆమె ఆత్మకథ 2010లో ఇంగ్లీషులో, ఆ మరుసటేడు తమిళంలో అచ్చయింది. పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ' పేరుతో దాన్ని తెలుగు చేశారు. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది.

జాతర ముగిసింది, పందిరి విప్పేశారు. కానీ రేవతి కథ అక్కడే మొదలవుతుంది. నడక మీద, మాట మీద బళ్ళో వెక్కిరింతలు. తనలాంటి వాళ్ళు పరిచయమయ్యారు. ఇల్లు విడిచి ఢిల్లీలో ఒక హిజ్రా గురువు దగ్గరికి చేరింది. తిరిగొచ్చినప్పుడు ఇంట్లో దొరికిన స్వాగతం కూడా పుస్తకంలో ఉంది. అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టాడు. పెంచుకున్న జుట్టు గుడికి తీసుకెళ్ళి గొరిగించారు. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, మనిషీ మారలేదు. జాతరలో కట్టిన పావడాకి మెచ్చుకోళ్ళు, జాతర దాటాక కట్టిన పావడాకి బ్యాటు దెబ్బలు.

ఈ కథ గోదావరి జిల్లాల పాఠకుడికి చెప్పడానికి నాకో కారణముంది. ఆడవేషాన్ని మనంత ముచ్చటగా నెత్తిన పెట్టుకున్నవాళ్ళు తక్కువ. రావులపాడులో పుట్టిన రేలంగి సినిమా నవ్వులు పంచకముందు కాకినాడ నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసినవాడే. బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు సత్యభామగానో, మన రాజమహేంద్రవరం కథలోని చిత్రాంగిగానో రంగం మీదికొస్తే, ఆయన చీరకట్టు చూడ్డానికే ఆడవాళ్ళు బళ్ళు కట్టించుకుని వెళ్ళేవారని పాతకాలంవాళ్ళు చెబుతారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం ఆడుతుంటే జడ వెనక మగవాడున్నాడంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. వీళ్ళు రేవతి లాంటివాళ్ళని నేననడం లేదు. వాళ్ళది నటన, ఆమెది బతుకు. నా మాటంతా చూసేవాళ్ళ కళ్ళ గురించే.

గుళ్ళోకీ వెళ్దాం. కోనసీమలో ర్యాలి. జగన్మోహినీ కేశవస్వామి ఒకే నల్లరాతిలో ఉంటాడు. ముందు నుంచి చూస్తే శంఖచక్రాలతో విష్ణువు, వెనక్కి తిరిగొస్తే కొప్పు ముడిచిన మోహిని. పూజారి దీపం పట్టి వెనకవైపు చూపిస్తుంటే, కాలి పిక్క మీది పుట్టుమచ్చ దాకా చూసి కళ్ళకద్దుకుంటాం. బయటికొచ్చి బస్సెక్కుతాం. మరో రోజు రైల్లో చప్పట్లు కొట్టుకుంటూ ఒకామె ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం చూపు కిటికీలోంచి బయటికి పోతుంది. జేబులోంచి పది రూపాయలు తీస్తాం. పది రూపాయలకు ఆశీర్వాదం కావాలి, పక్కన కూర్చోవడం మాత్రం వద్దు.

ఆ మోహినికే ఒక పెద్ద పండగుంది. అది ర్యాలిలో కాదు, తమిళనాడు కళ్ళకురిచి జిల్లాలోని కూవాగంలో. చిత్తిరై పున్నమికి, అంటే మనకు వేసవి ముదిరే వేళకు, దేశం నలుమూలల నుంచీ హిజ్రాలు, ట్రాన్స్ మహిళలు ఆ చిన్న ఊరికి చేరతారు. ఆంధ్ర నుంచీ వెళ్తారు. పండగ మొత్తం పద్దెనిమిది రోజులు. భారత యుద్ధం జరిగినన్ని రోజులన్నమాట.

కథ ఇది. పాండవులు గెలవాలంటే సర్వలక్షణాలూ ఉన్న వీరుడొకడు బలి కావాలి. అర్జునుడికి ఉలూచి వల్ల పుట్టిన అరవాన్ సరేనన్నాడు. పెళ్ళి కాకుండా చావనన్నాడు. తెల్లారితే చచ్చేవాడికి పిల్లనెవరిస్తారు? కృష్ణుడే మోహినిగా మారి ఒక్క రాత్రికి పెళ్ళాం అయ్యాడు, మర్నాడు విధవై ఏడ్చాడు. మన తిక్కన భీష్మపర్వంలో ఇరావంతుడు (ఈ అరవానే) ఒక రాక్షసుడి చేతిలో చస్తాడు తప్ప ఈ పెళ్ళి ఊసే లేదు. పెళ్ళి తమిళ జనం కల్పించుకున్నది. ఎందుకు కల్పించుకున్నారో గానీ, కొన్ని వేల మందికి ఏడాదిలో ఒక్క రాత్రి పెళ్ళికూతురయ్యే హక్కు దాంతో వచ్చింది.

ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. పట్టుచీర, మల్లెచెండ్లు, చేతినిండా గాజులు. కూత్తాండవర్, అంటే అరవాన్, గుడి ముందు తోపులాట. లోపల పూజారి ఒక్కొక్కరి మెడలో పసుపుతాడు కడుతుంటాడు. అది పడగానే కొందరు నవ్వుతారు, కొందరికి అక్కడే కళ్ళనీళ్ళు. బయట కర్పూరం కుప్పలు వెలిగించి చుట్టూ చేరి కుమ్మి పాటలు పాడతారు, తెల్లవార్లూ ఆడతారు. పొద్దున అరవాన్ విగ్రహం తేరెక్కి ఊరేగుతుంది. ఊరేగింపు ముగిసిందా, నిన్నటి పెళ్ళికూతుళ్ళంతా గుండెలు బాదుకుంటూ ఏడుస్తారు. జడలో పూలు తెంపేస్తారు. గాజులు పగలగొడతారు. తాడు తెంచేస్తారు. నీళ్ళు పోసుకుని తెల్లచీర కట్టుకుని వచ్చిన దారి పడతారు. ఆ ఏడుపు అరవాన్ కోసమేనా అని అడగడం అమాయకత్వం. ఇంట్లోవాళ్ళు పోయినా కడచూపుకు రానివ్వని బిడ్డలు, ఏడాదంతా దాచుకున్న ఏడుపును అక్కడ బయటికి వదులుతారు.

పక్కనున్న విళుపురం పట్నంలో అదే వారం సభలు, ఆటపాటలు, 'మిస్ కూవాగం' పోటీలు. వేదిక మీద నడక, అలంకరణ చూసి ఊరుకోరు. చివరిదాకా నిలిచినవాళ్ళను న్యాయనిర్ణేతలు ప్రశ్నలు అడుగుతారు. టీవీలవాళ్ళు వస్తారు, ఫొటోలు పడతాయి. మర్నాటి పేపర్లో కిరీటం పెట్టుకున్నామె నవ్వుతూ ఉంటుంది.

ఫొటోలో పడనివి కొన్నున్నాయి. పండగకని ఊరి మీద పడే మగవాళ్ళ గుంపులు, చీకట్లో వాళ్ళ చేతులు. ఆ వారం అమాంతం పెరిగే లాడ్జీ అద్దెలు. ఇవి కొత్త సంగతులు కావు, ఏటేటా పేపర్లలో వస్తూనే ఉన్నాయి. అయినా పండగ ముగిశాక 'ఎలా జరిగింది?' అనే ప్రశ్న ముందు ఎవరి దగ్గరికెళ్తుంది? ఎంతమంది వచ్చారని పోలీసులను అడుగుతారు. బేరం ఎలా ఉందని కొట్లవాళ్ళను అడుగుతారు. ముచ్చటేసిందా అని చూడ్డానికొచ్చినవాళ్ళను అడుగుతారు. తాళి కట్టించుకున్న మనిషి వంతు వచ్చేసరికి ఆమె బస్సెక్కేసి ఉంటుంది.

మన తెలుగు నేల మీది పండగ కూడా ఒకటి చూద్దాం. లైంగిక, జెండర్ అల్పసంఖ్యాకులు గర్వంగా వీధిలోకొచ్చే క్వీర్ ప్రైడ్ నడక హైదరాబాదులో మొదటిసారి 2013 ఫిబ్రవరి 3న జరిగింది. రంగురంగుల జెండాలు, డప్పులు, ముఖానికి మాస్కులు. ఇంట్లో తెలిస్తే కష్టమన్నవాళ్ళకు ఆ మాస్కే ధైర్యం. నడక అయిపోయిందని అందరూ ఇళ్ళకు పోకుండా, దాన్ని వెనక్కి తిరిగి చూసుకునే పని దర్శకుడు మోజెస్ తులసి పెట్టుకున్నారు. 'వాకింగ్ ది వాక్' అనే డాక్యుమెంటరీ తీశారు. జరిగిన పండగను వెనక్కి తిరిగి చూసుకోవడానికి నాకు తెలిసినంతలో మన దగ్గర ఇదే మంచి నమూనా. ఆ నడక జరిగి పది నెలలు దాటాయో లేదో, 2013 డిసెంబరు 11న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు మళ్ళీ బతికించింది. నడిచినవాళ్ళు మళ్ళీ నేరస్థులయ్యారు. నాలుగు నెలలకే, 2014 ఏప్రిల్ 15న, అదే కోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించమంది. ఆ సెక్షన్ కోరలు పీకడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. ఇటు ఒక అడుగు, అటు ఒక అడుగు. తీర్పుల లెక్క అలా ఉంటే పండగల లెక్క ఇంకెలా ఉంటుంది?

2017లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త రచన ముద్రబోయిన, ఆమె మిత్రులు 'ట్రాన్స్‌విజన్' అనే యూట్యూబ్ చానల్ పెట్టారు. తెలుగులోనూ మాట్లాడారు. జనానికున్న అపోహలను ఒక్కొక్కటే తీసుకుని, దాచుకోకుండా, కెమెరా వైపు చూస్తూ జవాబు చెప్పారు. అభిప్రాయం అడిగేదాకా ఆగకుండా తామే చెప్పడమంటే అది.

రేవతి కూడా అంతే. బెంగళూరులో 'సంగమ' సంస్థలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి దాని డైరెక్టరు స్థాయికి వెళ్ళారు. తనలాంటివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ కథలు సేకరించి 2004లో తమిళంలో పుస్తకం వేశారు. ముందు అందర్నీ అడిగారు, తర్వాతే తన కథ చెప్పారు. ఈ వరస నాకు బాగా నచ్చింది. ఆ పైన తన జీవితాన్నే ఏకపాత్ర నాటకం చేసి తనే రంగం మీదికెక్కారు. మారియమ్మన్ జాతరలో వేషమని చప్పట్లు కొట్టించుకున్న మనిషి, వేషం కాదని చెప్పడానికి మళ్ళీ రంగస్థలాన్నే ఎంచుకున్నారు. 2019లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ గ్రంథాలయం ముందు రచయిత్రుల పేర్లతో కట్టిన బ్యానరులో టోనీ మారిసన్, మాయా ఏంజెలౌల పక్కన రేవతి పేరూ ఉంది. నామక్కల్ పల్లెలో ఆ పేరు ఎంతమంది పలుకుతారో నేను చెప్పలేను.

ఇక మన ఊళ్ళ సంగతి. సంక్రాంతి వస్తే లంకల్లో, డొంకల్లో స్టేజీలు లేస్తాయి. కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. దాని చుట్టుపక్కల ఊళ్ళల్లో రాత్రికి పాటలు, డాన్సులు. కొన్నిచోట్ల ట్రాన్స్ కళాకారిణులూ ఆడతారు. మర్నాడు రావిచెట్టు కింద కమిటీ కూర్చుంటుంది. చందా ఎంత వచ్చింది, మైకుకెంత, లైటింగుకెంత, భోజనాలకెంత. 'ప్రోగ్రాం ఎలా ఉందిరా?' 'అదిరిపోయిందండి, ఆయ్!' అక్కడితో అభిప్రాయ సేకరణ సమాప్తం. బట్టలు మార్చుకోడానికి వాళ్ళకు గది ఉందా, పాత గోనెపట్టాలు కట్టి వదిలేశారా? మందు కొట్టి స్టేజీ ఎక్కబోయినవాణ్ణి ఎవరైనా ఆపారా? అర్ధరాత్రి రెండు గంటలకు వాళ్ళు రావులపాలెం సెంటర్‌కి ఎలా చేరారు? ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చారా, రేపు రమ్మన్నారా? ఈ ప్రశ్నలు ఆ లెక్కల పుస్తకంలోకి ఎక్కవు.

ప్రభుత్వం మాత్రం ఒక చిత్రమైన పని చేసింది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయల పింఛను అందుకునేవాళ్ళ జాబితాలో ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు, డప్పు కళాకారులూ ఉన్నారు. డప్పు కొట్టేవాడినీ, దానికి ఆడే మనిషినీ ఒకే కాగితం మీద పెట్టింది ఆఫీసువాళ్ళే. ఊరు ఇంకా పెట్టలేదు.

తీర్థం కమిటీల్లో ఉన్న పెద్దలకు ఒక మనవి. వచ్చే సంక్రాంతికి స్టేజీ వేయించేముందే, పోయినేడు మీ ఊళ్ళో ఆడినవాళ్ళకు ఒక్క ఫోన్ చేయండి. 'ఏమ్మా, మా ఊళ్ళో మీకు ఎలా జరిగింది?' అని అడగండి. వాళ్ళు చెప్పేది చెవికి ఇంపుగా ఉండకపోవచ్చు. అయినా రాసుకోండి, లెక్కల పుస్తకంలోనే, మైకు ఖర్చు కింద.