గీత గీసే రోజుకి మిగిలేది కొంచెమే: లౌడన్ కౌంటీ బడుల చరిత్ర

వర్జీనియాలోని మా లౌడన్ కౌంటీలో కొత్త బడి తెరవబోతున్నారంటే ముందుగా బయటికొచ్చేది పటం. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో చూపే బౌండరీ గీతను నాలుగైదు రకాలుగా గీసి స్కూల్ బోర్డు జనం ముందు పెడుతుంది. ఇక కొన్ని నెలలపాటు కమ్యూనిటీలన్నిటా అదే మాట. ఒకే రంగు టీషర్టులు వేసుకుని హియరింగులకు వస్తారు, సంతకాలు సేకరిస్తారు, పక్క కమ్యూనిటీ వాళ్ళు చూపిన లెక్కల్లో తప్పులు వెతుకుతారు. బ్రాంబుల్‌టన్, బ్రాడ్‌లాండ్స్, సౌత్ రైడింగ్ వంటి చోట్ల మనవాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు కనుక ఈ వాదన ఇప్పుడు తెలుగులోనూ జోరుగా సాగుతోంది. ఇంత పట్టుదలగా మాట్లాడే తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పిల్లల బడి గురించి కాక ఇంక దేని గురించి పట్టుబట్టాలి? అయితే ఈ కౌంటీ బడుల చరిత్రను మొదటినుంచీ చూసుకొస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. గీత గీసే రోజుకి తేల్చడానికి మిగిలేది చాలా కొంచెం. పెద్ద నిర్ణయాలు అంతకు ఐదేళ్ళో పదేళ్ళో ముందే, ఇళ్ళకు అనుమతి ఇచ్చిన రోజున, బడికి డబ్బు కేటాయించిన రోజున జరిగిపోయి ఉంటాయి. ఆ రోజున వాటి ఫలితం అనుభవించబోయేవాళ్ళు హాల్లో ఉండరు.

ఈ లేకపోవడం కొత్తదేమీ కాదు. ఆష్‌బర్న్‌లో 1892 నాటి ఒంటిగది బడి ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. 1950ల చివరి వరకూ అందులో చదివింది నల్లజాతి పిల్లలు. తెల్లపిల్లల బడి వేరు. ఆ రోజుల్లో ఏ పిల్లవాడు ఎక్కడ చదవాలో తేల్చింది ఇంటి దూరం కాదు, ఒంటి రంగు. హైస్కూలు చదువు కావాలంటే కౌంటీలో ఏ మూలనున్న నల్లపిల్లలైనా లీస్‌బర్గ్‌కే వెళ్ళాలి. అక్కడి బడి సరిగా లేదని, కొత్తది కట్టమని తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి అడిగారు. చివరికి కౌంటీవైడ్ లీగ్ పేరుతో సంఘంగా ఏర్పడి, తమ కష్టార్జితంతో 8 ఎకరాలు కొని, 1940లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు కౌంటీకి అప్పగించారు. పౌరహక్కుల న్యాయవాది చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ వారి తరఫున నిలబడ్డారు. అలా 1941లో డగ్లస్ హైస్కూలు తెరుచుకుంది. తెల్లపిల్లల బడికి స్థలం కొనిపెట్టమని వాళ్ళ తల్లిదండ్రులను కౌంటీ అడగలేదు. నల్లపిల్లల తల్లిదండ్రులు మాత్రం పన్నులూ కట్టి, స్థలమూ కొనిపెట్టవలసి వచ్చింది.

వేర్వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినా, ఇక్కడ అది పూర్తిగా అమలు కావడానికి 1968 వరకూ పట్టింది. కలిపే బరువు కూడా ఒక్కవైపే పడింది. మూతపడింది డగ్లస్ హైస్కూలే. తమ తల్లిదండ్రులు స్థలం కొని కట్టించుకున్న బడిని వదిలి కొత్త చోట్లకు వెళ్ళింది నల్లపిల్లలే. మా కౌంటీలో అదే అతిపెద్ద బౌండరీ మార్పు అని నేననుకుంటాను, ఆ మాటతో దాన్ని ఎవరూ పిలవకపోయినా. 2020లో కౌంటీ పాలకవర్గం, స్కూల్ బోర్డు కలిసి ఆనాటి వేర్పాటుకు బహిరంగంగా క్షమాపణ చెప్పాయి. ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. వర్జీనియాలో స్కూల్ బోర్డు సభ్యులను ప్రజలు ఎన్నుకునే వీలు 1992 దాకా లేదు. అంతవరకూ నియామకాలే. గీత గీసేవారిని ఓటుతో మార్చే అవకాశం ఈ ఊళ్ళకు వచ్చి అంత కాలమేమీ కాలేదు.

ఆ తర్వాతి కథంతా వేగం గురించే. 1980లో లౌడన్ జనాభా 57 వేలు. 1990కి 86 వేలు, 2000కి లక్షా 69 వేలు, 2010కి 3 లక్షల 12 వేలు, 2020కి 4 లక్షల 20 వేలు దాటింది. డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉండటం, టోల్ రోడ్డు రావడం, ఇంటర్నెట్ కంపెనీలు ఆష్‌బర్న్‌లో పాతుకుపోవడం, ఇవన్నీ కలిసి పాడి పొలాలను టౌన్‌హౌస్ వరసలుగా మార్చేశాయి. బడులు ఆ వెనక పరుగెత్తాయి. తూర్పు లౌడన్‌లో 1969లో బ్రాడ్ రన్, 1976లో పార్క్ వ్యూ హైస్కూళ్ళు వచ్చాక ఇరవై ఏళ్ళ పాటు ఇంకోటి రాలేదు. 1997లో పొటోమాక్ ఫాల్స్, 2000లో స్టోన్ బ్రిడ్జ్, 2005లో ఒకేసారి బ్రయర్ వుడ్స్, ఫ్రీడమ్, 2012లో జాన్ చాంప్, 2014లో రాక్ రిడ్జ్, 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్. ఈ వరస చదివితే కౌంటీ చేతులు ముడుచుకుని కూర్చోలేదని ఒప్పుకోవాలి. అదే వరసలో ఇంకొకటీ కనబడుతుంది. ఒక బడి తెరిచిన కొద్ది ఏళ్ళకే దాని పక్కన ఇంకోటి కట్టవలసి వచ్చింది, కట్టిన ప్రతిసారీ పాత గీత చెరిగింది. సౌత్ రైడింగ్ వైపు ఫ్రీడమ్ నిండితే చాంప్, చాంప్ నిండితే లైట్‌రిడ్జ్. మధ్యలో గడిచిన ఏళ్ళలో చదివిన పిల్లలకు దక్కినవి ట్రైలర్ గదులూ, భోజనానికి ఇరుకిరుకు వంతులూ.

ఇంత ఆలస్యం ఎందుకంటే ఇళ్ళను, బడులను నిర్ణయించేది ఒకరు కాదు. ఏ పొలంలో ఎన్ని ఇళ్ళు కట్టవచ్చో తేల్చేది లీస్‌బర్గ్‌లో కూర్చునే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. బౌండరీ గీసేది ఆష్‌బర్న్‌లో కూర్చునే స్కూల్ బోర్డు. ఈ రెండో బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. డబ్బు మొదటి బోర్డే ఇవ్వాలి. కొత్త భవనాలకు అప్పు తెచ్చే బాండ్ల మీద నవంబరు ఎన్నికల్లో ఓటర్లు సరే అనాలి. అంటే ఇళ్ళకు అవును అన్నవారు బౌండరీ హియరింగులో జవాబు చెప్పుకోనక్కరలేదు, జవాబు చెప్పుకునేవారికి ఇళ్ళను ఆపే అధికారం లేదు. కోపంతో వచ్చిన తల్లిదండ్రులకు దొరికేది రెండో బోర్డే. అది ఎంత నిజాయితీగా పనిచేసినా, చేయగలిగింది ఉన్న సీట్లను పంచడం.

బిల్డర్లు బడికి స్థలం ఇస్తున్నారు కదా అని ఒక మాట వినిపిస్తుంది. నిజమే. పొలంలో ఇళ్ళకు అనుమతి అడిగే రీజోనింగ్ సమయంలో ప్రాఫర్ల రూపంలో, అంటే అనుమతి కోసం తామిచ్చే హామీలుగా, స్థలాలూ, కొంత డబ్బూ ఇచ్చారు. మా చుట్టూ ఉన్న చాలా బడులు అలా వచ్చిన స్థలాల్లోనే లేచాయి. కానీ స్థలం చేతిలో ఉన్నంత మాత్రాన బడి రాదు. భవనం ఖర్చు, ఏటా టీచర్ల జీతాలు పన్ను చెల్లించేవారివే. పైగా 2016లో రాష్ట్ర శాసనసభ ఇళ్ళ రీజోనింగుల్లో అడగదగిన ప్రాఫర్లకు గట్టి హద్దులు పెట్టింది, 2019లో వాటిని కొంత సడలించింది. పాత నమ్మకంతో ఇంకా కూర్చుంటే కుదరదు.

పెరుగుదలను ఆపడానికి ఈ కౌంటీ ప్రయత్నించింది కూడా. 1999 ఎన్నికల్లో నిదానంగా పెరగాలన్న పక్షం సూపర్‌వైజర్ల బోర్డును గెలుచుకుంది. పడమటి లౌడన్‌లో ఇళ్ళ సంఖ్యకు కఠినమైన పరిమితులు తెచ్చింది. 2003లో ఓటర్లు ఆ బోర్డును మార్చేశారు. 2005లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ జోనింగ్ మార్పులను కొట్టేసింది, ప్రజలకు ఇవ్వవలసిన నోటీసు సరిగా ఇవ్వలేదన్న కారణంతో. ఈ ఘట్టం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. నాలుగేళ్ళ శ్రమ పోయింది నోటీసు ఇచ్చిన తీరు దగ్గర. ఎవరికి ఏమి చెప్పారు, ఎంత స్పష్టంగా చెప్పారు అన్నది ఈ వ్యవస్థలో పక్కన పెట్టదగిన సంగతి కాదు.

బౌండరీ హియరింగుల్లో అన్నిటికన్నా గట్టిగా వినిపించే అభ్యంతరం ఇంటి గురించి. ఫలానా బడి చూసుకునే ఇంత ధర పెట్టి కొన్నాం, ఇప్పుడు గీత మార్చడం మాట తప్పడమే అంటారు. జీవితంలో అతిపెద్ద అప్పు చేసి కొన్న ఇల్లు అది. ఆ బాధ చిన్నదని నేననను. అయినా ఆ మాట ఇచ్చింది ఎవరు? ఇల్లు అమ్మినవారు ఇచ్చి ఉండవచ్చు, స్కూల్ బోర్డు ఎన్నడూ ఇవ్వలేదు. పైగా ఈ వాదన చేస్తున్న కమ్యూనిటీల్లో చాలావాటికి తమ బడి దక్కిందే అంతకు ముందు ఇంకెవరి గీతనో జరపడం వల్ల. 2000లో స్టోన్ బ్రిడ్జ్ తెరవడానికి బ్రాడ్ రన్ పిల్లలను కదిలించారు, 2005లో బ్రయర్ వుడ్స్ నింపడానికి మళ్ళీ పిల్లలను కదిలించారు. గీత కదలదన్న నియమం అప్పుడే ఉండి ఉంటే మన పిల్లలు కూర్చున్న బెంచీలు ఉండేవి కావు.

పిల్లల స్నేహాలు తెగిపోతాయన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు, ఒక షరతు మాత్రం ఉంది. హైస్కూలు చివరి ఏడాదికి వచ్చిన పిల్లలను పాత బడిలోనే ఉండనివ్వడం ఇక్కడ మామూలే. ఆ వెసులుబాటు న్యాయం. ఒకే పిల్లవాడిని అయిదారేళ్ళలో రెండుసార్లు కదిలించకూడదు అన్నదీ న్యాయమే. కానీ రెండుసార్లు కదలకుండా ఉండాలంటే మొదటిసారి గీత గీసేటప్పుడే, అనుమతి పొంది ఇంకా కట్టని ఇళ్ళను లెక్కలోకి తీసుకుని, కొత్త బడిలో కొంత ఖాళీ వదలాలి. అప్పుడు పక్క బడిలో ట్రైలర్లు ఉంటే ఇక్కడ ఖాళీ గదులా అని మళ్ళీ తల్లిదండ్రులే అడుగుతారు. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరవు. స్థిరత్వం కావాలంటే కొన్నాళ్ళు ఖాళీ బెంచీల ఖర్చు భరించాలి.

ఇక గీతలో సంపన్నులూ పేదలూ ఎటు పడతారన్న ప్రశ్న. 2016లో లీస్‌బర్గ్ ప్రాంతపు ఎలిమెంటరీ బడుల గీతలు మార్చినప్పుడు ఇది బాహాటంగా ముందుకొచ్చింది. ఊరి నడుమ అపార్ట్‌మెంట్లలో ఉండే, ఎక్కువగా స్పానిష్ మాట్లాడే తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలను అప్పటిదాకా వేర్వేరు బడులకు పంపేవారు. ఇంటికి దగ్గరి బడికే పంపాలన్న ప్రణాళిక వచ్చింది, బోర్డు దాన్నే ఆమోదించింది. దగ్గరి బడి అయితే తల్లిదండ్రులు నడిచి రాగలరు, పిల్లలకు బస్సు ప్రయాణం తప్పుతుంది అన్నది ఒక వాదం. పేదరికమంతా రెండు మూడు బడుల్లో పోగుపడుతుంది, ఆ పిల్లలకే నష్టం అన్నది రెండో వాదం. మొదటి వాదంలో నిజముందని ఒప్పుకుంటూనే నేను రెండోదాని పక్షం. రెండు మూడు ఉద్యోగాలు చేసే తల్లి వారంమధ్య సాయంత్రం హియరింగుకి వచ్చి మైకు ముందు నిలబడలేదు. హాల్లో ఎవరు ఎక్కువమంది ఉన్నారో చూసి గీత గీస్తే రాలేనివారి వీధి మీదుగానే అది పోతుంది. దగ్గరి బడి సూత్రం న్యాయంగా ఉండాలంటే ఆ దగ్గరి బడికి టీచర్లూ, డబ్బూ ఎక్కువ ఇవ్వాలి, ఒక ఏడాదితో ఆగకుండా.

పాత బడుల మరమ్మతుల గొడవ కూడా ఈ గీత గొడవలో భాగమే. కొత్త ఇళ్ళున్న దక్షిణాన కొత్త బడి కావాలి, పాత ఇళ్ళున్న స్టెర్లింగ్ వైపు పాత బడి పునర్నిర్మించాలి. బాండ్ల డబ్బు ఒక్కటే. 1976 నాటి పార్క్ వ్యూ బదులు కొత్త భవనం అన్న మాట కౌంటీ నిర్మాణ ప్రణాళికలోకి ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. సీట్లు చాలని చోట ఖర్చు పెట్టకుండా ఉన్న బడికి ఎందుకు అని అడిగేవారున్నారు. పాత బడి పాడుబడితే కొత్త బడి గీతలోకి రావడానికి అందరూ పోటీ పడతారు, గీత మీద గొడవ ఇంకా పెరుగుతుంది అన్నది నా జవాబు. ఏ గీతలో పడ్డా పిల్లవాడికి మంచి గది దొరుకుతుందన్న నమ్మకం ఉంటే ఈ హియరింగుల్లో సగం కోపం ఉండదు.

బడుల్లో పిల్లల సంఖ్య 2000లో 31 వేల చిల్లర. ఇప్పుడది 80 వేలు దాటి దాదాపు అక్కడే ఆగింది. అంటే ఇకపై కొన్ని బడుల్లో ఇరుకు, మరికొన్నింట్లో ఖాళీ ఉంటాయి. పడమటి పల్లెల చిన్న బడులను మూసేయాలన్న మాట ఇదివరకే చాలాసార్లు వచ్చింది. 2014లో మిడిల్‌బర్గ్ బడిని అక్కడి తల్లిదండ్రులు చార్టర్ బడిగా మార్చి నిలుపుకున్నారు. సెయింట్ లూయిస్ పల్లెలో 1948లో నల్లపిల్లల కోసం కట్టిన బానకర్ బడి, రంగు గీత చెరిగిపోయాక కూడా ఊరి బడిగా నడుస్తూ వచ్చింది. ఖాళీ సీట్ల లెక్క చూపి ఇలాంటి బడిని మూసేముందు దాన్ని ఎవరు ఎలా సాధించుకున్నారో కూడా లెక్కలోకి రావాలి.

పిల్లల సంఖ్య పెరగడం ఇప్పటికి ఆగింది గాని, 2022 నవంబరులో సిల్వర్ లైన్ రైలు ఆష్‌బర్న్ దాకా వచ్చింది. స్టేషన్ల చుట్టూ అపార్ట్‌మెంట్లకు దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. విడి ఇల్లు, టౌన్‌హౌస్, అపార్ట్‌మెంట్, ఒక్కో రకం నుంచి సగటున ఎంతమంది పిల్లలు బడికి వస్తారో స్కూలు సిబ్బంది ముందే అంచనా వేస్తారు, ఆ సంఖ్య రీజోనింగ్ నివేదికలో ఉంటుంది. మేం వచ్చేసరికే అన్నీ అయిపోయాయి, మేమేం చేయగలం అని మనవాళ్ళు అనడం న్యాయమే. బ్రాంబుల్‌టన్ ఇళ్ళకు అనుమతి ఇచ్చినప్పుడు అక్కడి పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఈ దేశంలోనే లేరు. రేపటి అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా ఇంకా రాలేదు. మనం వచ్చాం, ఓటున్నవాళ్ళూ మనలో ఉన్నారు. టీషర్టులు వేసుకుని వెళ్ళవలసింది ముందుగా లీస్‌బర్గ్‌లో సూపర్‌వైజర్ల సమావేశానికి. ఆ నివేదికలో పిల్లల సంఖ్య పక్కన ఏ బడి పేరు రాశారో, ఆ బడిలో ఇప్పటికి ఎన్ని సీట్లు మిగిలాయో, కొత్త భవనానికి ఏ ఏడాది బాండ్లు అడుగుతారో అక్కడ అడగాలి, జవాబు రికార్డులోకి ఎక్కేదాకా.