తెర దించి వింటే

పద్యనాటకాల రోజుల్లో నటుడు తెర వెనక నుంచే రాగం ఎత్తుకునేవాడు. మనిషి కనబడక ముందే వచ్చిందెవరో ముందు వరసలవాళ్లు చెప్పేసేవారు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదిని సభ పుట్టిన మా బళ్లారిలో ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మోగుతున్నదేదో చూడకుండా చెవితోనే పోల్చుకునే ఆడియో పిచ్చివాళ్ల ‘బ్లైండ్ టెస్ట్’ కూడా ఆ తెర లాంటిదే. కాకపోతే దాని పూర్వరూపం సరుకు అమ్ముకోవడానికి వేసిన ఎత్తు.

1915లో ఎడిసన్ కంపెనీ ‘టోన్ టెస్ట్’లు మొదలుపెట్టింది. అన్నా కేస్ లాంటి గాయనులు ఫోనోగ్రాఫ్ పక్కన నిలబడి తమ రికార్డుతో కలిసి పాడేవారు, మధ్యలో నోరు మూసేవారు. ఒక్కోచోట దీపాలు ఆర్పేవారు. మళ్లీ వెలిగేసరికి గాయని ఉండదు, పాట మాత్రం సాగుతూనే ఉంటుంది! 1916లో కార్నెగీ హాల్లోనూ ఈ తతంగం జరిగింది. జనం నమ్మారు. ఏళ్లు గడిచాక కిటుకు అన్నా కేసే బయటపెట్టింది: యంత్రం గొంతుకు సరిపడేలా తన గొంతు తగ్గించుకుని పాడిందట. ఇంతా చేయించిన ఎడిసన్‌కు చెవులు సరిగా వినబడవు. ఫోనోగ్రాఫ్ చెక్కను పళ్లతో కరిచిపట్టి వినేవాడు.

అమ్మకాన్ని పక్కనపెట్టి పరీక్షగా మలిచింది బెల్ ల్యాబ్స్‌వారు. 1950లో మన్సన్, గార్డ్‌నర్ రాసిన పద్ధతిలో ముందు ఏ, తర్వాత బి వినిపిస్తారు. ఆపైన వచ్చే ఎక్స్ ఆ రెంటిలో ఏదో చెప్పాలి. 1982లో డేవిడ్ క్లార్క్ వివరించిన ఏబీఎక్స్ పెట్టెలో ఎక్స్‌ను పెట్టే ఎంచుకుంటుంది. పక్కనున్నవాడికీ జవాబు తెలియదు కనుక ముఖం చూసి పసిగట్టే వీలు లేదు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అవే స్పీకర్లను చూపించి ఒకసారి, దాచి ఒకసారి వినిపించారు. కంటికి ఆనితే మార్కులు మారిపోయాయి. చిన్న, చవక సెట్టు చూపించగానే దిగజారింది.

ఇంట్లో కొత్త స్పీకర్ వైరు పరీక్షించాలంటే దళసరి దుప్పటి, ఒక నాణెం చాలు. బొమ్మా బొరుసా వేసి వైరు మార్చేవాడు మీకు కనబడకూడదు, మాట్లాడకూడదు. పాట ఒకటే ఉండాలి, శబ్దం మట్టమూ ఒకటే ఉండాలి. అసలు మోసం ఇక్కడే. రవ్వంత గట్టిగా మోగినా అదే బాగుందనిపిస్తుంది. పదహారుసార్లలో ఊహించి చెప్పినా ఎనిమిది దాకా తగులుతాయి. పన్నెండుకు తగ్గకుండా తగలడం అదృష్టం మీద నూటికి నాలుగుసార్లు కూడా జరగదు.

ఎనిమిదో తొమ్మిదో వచ్చాయనుకోండి. తేడా ఎక్కడా లేదని రుజువైనట్టు కాదు. ఆ గదిలో, ఆ పాటతో, ఆ చెవులకు అందలేదనే. వేలుపోసి వైరు కొన్న స్నేహితుడికి ఈ ముక్క చెప్పాల్సింది మీరే అయితే, వాళ్లింట్లో ఉగ్గాణి, బజ్జీ తినడం అయ్యాకే చెప్పండి.