గంజి కోసం వచ్చినవారా? హెబ్రీ విమోచన కథలు, కడప సీమ సంఘాలు

రాయలసీమ సంఘాల చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా ఒక పాత నింద వెంట వస్తుంది: కరవులో గంజి కోసం మతం మారినవారని. ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల మాల, మాదిగ క్రైస్తవుల పూర్వికులు ఈ మాట పడ్డవారే. దాని వెనుక రక్షణను గూర్చిన ఇరుకైన అభిప్రాయం ఉన్నదని మేము తలుస్తున్నాము. రక్షణ కేవలం ఆత్మకు చెందినదైతే ఆకలిగొన్నవాని రాక అనుమానాస్పదమే. హెబ్రీ లేఖనం అలా చెప్పదు.

నిర్గమకాండం 14:13లో మనం 'రక్షణ' అని చదివే చోట హెబ్రీ మాట 'యెషూవా'. అక్కడ వెనుక ఫరో రథాలు, ఎదుట సముద్రం. ఆ కథ మొదలైనదే ఇటుకల వెట్టిలో పడ్డ జనుల మొరతో. 'గోయెల్' అనే మాట ఇంకా లోతైనది. లేవీయకాండం 25 ప్రకారం, పేదరికంలో పొలం అమ్ముకొన్నవాని పొలాన్ని, తన్నుతాను అమ్ముకొన్నవానిని సయితం విడిపించవలసిన దగ్గరి బంధువే గోయెల్. నిర్గమకాండం 6:6లో దేవుడు తన కార్యానికి ఈ క్రియనే వాడాడు. తరతరాలుగా ఒకే ఇంటికి జీతగాడుగా కట్టుబడిన మనిషికి ఈ బంధుత్వం ఎలా వినబడి ఉంటుందో మనం ఊహించవచ్చు.

క్రొత్త నిబంధన ఈ కథలను ప్రక్కన పెట్టలేదు. పౌలుకు క్రీస్తు పస్కా పశువు (1 కొరింథీ 5:7). లూకా 9:31లో యేసు మరణాన్ని సూచించే గ్రీకు మాట 'ఎక్సొడొస్', అనగా నిర్గమమే. యేసు అనే పేరు 'యెషూవా' ధాతువు నుంచే వచ్చింది. మత్తయి 1:21 దానిని పాపవిమోచనకు అన్వయించింది. కథ విస్తరించింది గాని ఫరో మాయం కాలేదు.

లండన్ మిషన్ కడపలో 1822లోనే పని ప్రారంభించింది. 1876-78 కరవు నాటికి ముద్దనూరు మీదుగా మద్రాసు-రాయచూరు రైలు మార్గం కూడా పూర్తయి ఉంది. ధాన్యం రైలెక్కి వచ్చినా కొనే శక్తి లేనివారు చచ్చారు. అట్టి కాలంలో మిషనరీల సంకోచం ఎట్టిదో ఒంగోలులో స్పష్టంగా కనబడుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో జనులకు కూలి ఇప్పించాడు; సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆయన జాగ్రత్తను మేము తప్పుపట్టము. అయితే ఇశ్రాయేలు కూడా మన్నా తిన్న తరువాతనే సీనాయికి చేరింది.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వైద్యుడు టి.వి. క్యాంబెల్ పేరుతో ప్రసిద్ధమైన ఆసుపత్రి ఇదే ప్రశ్నను మరో విధంగా మన ముందుంచుతుంది. మార్కు 5:34లో రోగియైన స్త్రీతో, లూకా 7:50లో పాపాత్మురాలితో యేసు పలికిన క్రియ గ్రీకులో ఒక్కటే: 'సోజో'. మన తెలుగు బైబిలు మొదటిచోట 'స్వస్థపరచు' అనీ, రెండవచోట 'రక్షించు' అనీ వ్రాసింది. రెండూ సరియైన అనువాదాలే. కాని రెండిటి వెనుక ఉన్నది ఒకే మాట అని తెలుగు చదువరికి తెలిసే దారి లేదు. కనీసం పుట అడుగున ఒక సూచికగానైనా చెప్పవలసింది.